మా అమ్మ కుడిచెయ్యి

నర్సీపట్నంలో మాకు ఫ్యాన్సీ షాపు ఉంది. రిబ్బన్లు, పౌడరు డబ్బాలు, జడపిన్నులు అన్నీ ఉంటాయి గాని అసలు వ్యాపారం గాజులు. అమ్మడం మా ఆయన పని, తొడగడం నా పని. ముప్పై ఏళ్లుగా తొడుగుతున్నాను. బలిఘట్టం నుంచి, మాకవరపాలెం నుంచి, కృష్ణదేవిపేట నుంచి ఆటోల్లో దిగే ఆడవాళ్ల చేతులన్నీ నా చేతుల్లోకి వచ్చి వెళ్లినవే. ముఖాలు మర్చిపోతాను గాని చేతులు మర్చిపోను. చెయ్యి చూడగానే గాజు సైజు టూ ఫోరో, టూ సిక్సో చెప్పేస్తాను. "కాదండీ, నాది టూ ఫోరే" అని వాదించేవాళ్లు ఉంటారు. వాదించనిస్తాను. రెండు గాజులు పగిలాక వాళ్లే ఊరుకుంటారు.

అలాంటిదాన్ని, మా అమ్మ కుడిచెయ్యి మాత్రం నలభై మూడేళ్లుగా ముట్టుకోలేదు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. అమ్మతో దారిలో నడిస్తే ఎడమవైపే నడుస్తాను. మంచం మీద కూర్చుంటే ఎడమవైపే కూర్చుంటాను. పండగలకి కాళ్లకి దణ్ణం పెట్టినప్పుడు, తల మీద ఆ చెయ్యి వేస్తుందేమోనని గబుక్కున లేచిపోతాను. పరాయి దాన్ని కాదు, కన్నకూతుర్ని. మొన్న కార్తీకంలో ఆ చెయ్యి పట్టుకుని తీరాల్సిన అవసరం వచ్చిపడింది. పట్టుకోగలనా లేదా అన్నదే నా గొడవంతా.

ఆ చేతికి బొటనవేలు, చిటికెనవేలు మాత్రమే ఉన్నాయి. మధ్యలో మూడూ చెరకు గానుగలో పోయాయి. అప్పటికి నాకు పదేళ్లు.

మా ఊరు మాకవరపాలెం దాటి కాస్త లోపలికి ఉంటుంది. చలి మొదలైందంటే చాలు, మా పొలం గట్టు మీద గానుగ పాక లేచేది. తాటాకుల పాక. మధ్యలో ఇనప గానుగ, దానికి నాలుగు బారల దూరంలో డీజిలు ఇంజను, రెంటికీ నడుమ పొడుగాటి బెల్టు. పాక వెనకాల పొయ్యి మీద పెనం. పెనం అంటే అట్లు పోసుకునేది అనుకునేరు! మా పెనంలో నలుగురు పిల్లలు కూర్చుని స్నానం చెయ్యొచ్చు. గానుగలోంచి వచ్చిన రసం అందులో మరిగి, పొంగి, చిక్కబడి, సాయంత్రానికి బెల్లం అయ్యేది. పిండేసిన చెరకు పిప్పిని ఎండబెట్టి అదే పొయ్యిలో పెట్టేవాళ్లు. పాకం చూడడం మా నాన్న పని. చల్లటి నీళ్లలో ఒక చుక్క వేసి, వేళ్ల మధ్య నలిపి, "ఇంకొక పొంగు రానీ" అనేవాడు. ఆయన అన్నాక ఇంక ఎవరూ మాట్లాడకూడదు.

ఆ రోజుల గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. చిలగడదుంపల్ని తాడుకి కట్టి పెనంలో వేలాడదీసేవాళ్లం. అవి పాకంలో ఉడికి, నల్లగా నిగనిగలాడుతూ బయటికొచ్చేవి. ఆగలేక కొరికితే నాలుక కాలేది. నాలుక కాలినా ఉమ్మేవాళ్లం కాదు. పొగ మంచులో, పొద్దున్నే, ఇంజను మొదటిసారి డబడబమంటే ఊళ్లో పిల్లలందరికీ తెలిసిపోయేది, ఇవాళ ఎవరి గానుగ ఆడుతుందో. బడికి అని బయల్దేరినవాళ్లు సగం మంది మా పాకలో తేలేవారు. మాస్టారుకి కూడా తెలుసు. సాయంత్రం ఆయనా వచ్చి ఓ గ్లాసుడు రసం తాగి, మమ్మల్ని నాలుగు తిట్టి వెళ్లేవారు. ఆ వాసన, ఆ పొగ, చెరకు ఆకు కోసుకుపోయిన మోచేతుల మంట, అన్నీ కావాలి నాకు. ఇప్పుడు ఇస్తామంటే ఈ షాపు మూసేసి పరుగెత్తుకు వెళ్తాను. ఒక్క రోజు తప్ప.

గానుగకి చెరకు పెట్టేది మా అమ్మ. కుచ్చిళ్లు ఎగదోపి, కొంగు నడుముకి బిగించి, గాజులు తీసి గుడ్డముక్కలో కట్టి చూరులో పెట్టేది. మూడేసి గడలు ఒక్కసారి పట్టుకుని, వాటివైపు చూడకుండానే రోలర్ల మధ్యకి తోసేది. చెయ్యి ఎక్కడ ఆగాలో దానికే తెలిసేది. నోరు మాత్రం ఆగేది కాదు. వాళ్ల సంగతీ వీళ్ల సంగతీ, తోడికోడలు మీద చాడీలు, ఇంజను హోరు మీంచి అరిచి మరీ చెప్పేది. మా అమ్మ గొంతు ముందు ఆ ఇంజను ఏపాటిది!

మావైపు ఒక పద్ధతి ఉంది. గానుగ ఆడుతున్నప్పుడు దారిన పోయే మనిషి ఎవరైనా సరే, రసం తాగకుండా వెళ్లకూడదు. తెలిసినవాడా తెలియనివాడా, ఏ ఊరు, ఏ కులం అని అడగరు. పిలవాలి, చెంబుతో ఇవ్వాలి, ఆకులో ఇంత వేడి బెల్లం పెట్టాలి. దాహంతో ఎవరైనా దాటిపోతే ఆవేళ పాకం తిరగదని, బెల్లం జావగానే ఉండిపోతుందని పెద్దవాళ్ల మాట. మా అమ్మకి ఆ మాట మీద గట్టి నమ్మకం. సైకిలు బెల్లు వినపడితే చాలు, మెడ దారివైపు తిరిగిపోయేది.

నాకూ ఒక ఉద్యోగం ఉండేది. బెల్టు పక్కన కర్ర పట్టుకుని నిలబడడం. గానుగలో చెరకు ఇరుక్కుంటే అమ్మ "తొయ్యే!" అనేది. నేను కర్రతో బెల్టుని చక్రం మీంచి పక్కకి తోసేదాన్ని. గానుగ ఆగిపోయేది, ఇంజను దాని మానాన అది కొట్టుకుంటూనే ఉండేది. ఆ బెల్టు పాతది, రెండుచోట్ల అతుకులు. ఒక్కోసారి ఎవరూ తొయ్యకుండానే జారి పడేది. నాన్న దాన్ని రోజూ తిట్టేవాడు. నేను మాత్రం ఆ కర్ర పట్టుకుంటే ఆ పాకకంతటికీ పెత్తందారునే. తోటిపిల్లల్ని దగ్గరికి రానిచ్చేదాన్ని కాదు.

ఆవేళ మధ్యాహ్నం, బట్టల మూట కట్టుకుని ఊరూరా తిరిగే ఒకాయన సైకిలు మీద మా గట్టు పక్క నుంచి పోతున్నాడు. ఆయనకేదో తొందర. ఆగలేదు. అమ్మ మెడ తిప్పి కేకేసింది.

"ఓ బాబూ! గానుగకాడ ఆగకుండా ఎల్లిపోతారేటి? మా పాకం తిరగద్దేటి?"

"మళ్లీ వస్తానమ్మా" అన్నాడాయన, తొక్కుతూనే.

"మల్లీ లేదు గిల్లీ లేదు, సెంబుడు తాగి ఎల్లండి బా..."

ఆ మాట మధ్యలో తెగిపోయింది. అమ్మ చెయ్యి చెరకుతోపాటు లోపలికి పోయింది.

అమ్మ అరవలేదు. తల తిప్పి నావైపు చూసింది. "తొయ్యే" అంది, అన్నం పెట్టమని అడిగినంత మామూలుగా. నా చేతుల్లో కర్ర ఉంది. బెల్టు నా ఎదురుగానే తిరుగుతోంది. "తొయ్యే తల్లీ" అంది మళ్లీ. నేను తొయ్యలేదు. కర్రని బిగించి పట్టుకుని, అమ్మ కళ్లలోకి చూస్తూ, అలాగే నిలబడిపోయాను. కాళ్లు రాలేదు, చేతులు రాలేదు, నోట్లోంచి గాలి కూడా రాలేదు. ఎంతసేపో నాకు తెలియదు. ఆఖరికి ఆ అతుకుల బెల్టే జారి కింద పడింది. గానుగ ఆగింది.

నాన్న పొయ్యి దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చాడు. పొలంలో ఉన్నవాళ్లు వచ్చారు. సైకిలాయన కూడా మూట పడేసి వచ్చాడు. వాళ్లు వచ్చేసరికి బెల్టు నేల మీద ఉంది, కర్ర నా చేతిలో ఉంది. అమ్మని బండి మీదకి ఎక్కిస్తుంటే, కళ్లు మూతలు పడుతూనే, అందరూ వినేలా అంది: "నా కూతురే తోసింది. అది లేకపోతే మోసేతికాడికి పోయేది." బండి కదిలాక, మా నాయనమ్మ నా దగ్గరికి వచ్చింది. కర్ర లాగబోతే రాలేదు. నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి తీసింది.

అమ్మ స్పృహ తప్పుతూ ఏమీ తెలియక అలా అనుకుందని నేననుకున్నాను. కాదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఆ మాట ఊరంతా పాకింది. "సూడండోలమ్మ, సిన్న గుంట, పదేల్ల ఆడపిల్లయినా ఎంత దైర్యమో!" అని వచ్చినవాళ్లందరూ నా బుగ్గలు పుణికేవాళ్లు. బడిలో మాస్టారు నన్ను బెంచీ ఎక్కించి చప్పట్లు కొట్టించారు. ఎవరో ఆకులో వేడి బెల్లం తెచ్చి నా నోట్లో పెట్టారు. అక్కడే కక్కేశాను. అంతటితో నాకూ బెల్లానికీ చుట్టరికం తెగిపోయింది.

ఇంకా వినండి. నా పెళ్లిచూపుల్లో కూడా ఇదే కథ. పిల్ల పొట్టి, రంగు తక్కువ అని మా అత్తగారు పెదవి విరుస్తుంటే, మధ్యవర్తి ఈ సంగతి ఎత్తాడు. "తల్లి సెయ్యి కాపాడిన పిల్లండి" అన్నాడు. అత్తగారు మెత్తబడ్డారు. అంటే నా పెళ్లి కూడా ఆ అబద్ధం మీదే అయింది. మా ఆయన ఇప్పటికీ షాపుకి వచ్చినవాళ్లకి గొప్పగా చెప్తుంటారు. అప్పుడు నాకు ఒళ్లు మండిపోతుంది. ఏదో వంక పెట్టి ఆయన మీద విరుచుకుపడతాను. పాపం, ఎందుకు తిట్లు తింటున్నారో ఆయనకి ముప్పై ఏళ్లుగా తెలియదు.

నోరు మూసుకున్నాను సరే, చెయ్యి ఊరుకోలేదు. డీజిలు ఇంజను చప్పుడు విన్నా, చెరకు రసం మరిగే వాసన సోకినా నా కుడి అరచెయ్యి దానంతటదే ముడుచుకుంటుంది. లేని కర్రని పట్టుకుంటుంది. ఎడమచేత్తో వేళ్లు విడదీసుకోవాలి. ఒక ఎండాకాలం మా షాపు పక్కన చెరకు రసం బండి పెట్టారు. నాలుగు రోజులు ఓర్చుకుని ఐదో రోజు బండివాడితో దెబ్బలాటకి దిగాను. ఈగలు ముసురుతున్నాయని, దారి మూసుకుపోతోందని, నోటికి ఏదొస్తే అది అన్నాను. అతను బండి తోసుకుంటూ వేరే వీధికి పోయాడు. అతని తప్పేమీ లేదు, నాకు తెలుసు. విశాఖపట్నంలో నరాల డాక్టరుకి చూపించుకున్నాను. అన్ని పరీక్షలూ చేసి నరాలు భేషుగ్గా ఉన్నాయన్నారు. మరి ఎందుకు ముడుచుకుంటుందండీ అంటే విటమిను బిళ్లలు రాశారు.

నిజానికి ఈ సంగతి నాకు డాక్టర్ల కంటే గాజులే ఎక్కువ నేర్పాయి. ఒకావిడ ఏటా వస్తుంది. నవ్వుతూ, పిల్లల కబుర్లు చెప్తూ చెయ్యి చాపుతుంది. నా వేళ్లు ఎడమ మణికట్టు దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చెయ్యి భుజం దాకా బిగుసుకుపోతుంది. నోరు నవ్వుతూనే ఉంటుంది, చెయ్యి మాత్రం వెనక్కి పోతుంది. ఎవరు పట్టుకున్నారో, ఎంత గట్టిగా పట్టుకున్నారో నేనెప్పుడూ అడగలేదు. ఆ చేతికి మాత్రం ఒక సైజు పెద్దవి తీస్తాను. ఆవిడా ఎందుకని అడగదు.

మా అమ్మ చూడబోతే దులిపేసుకున్న మనిషి. మరుసటేడే మళ్లీ గానుగ దగ్గర కూర్చుంది, ఎడమచేత్తో చెరకు పెడుతూ. నేను వెళ్లలేదు. రెండు వేళ్లతో ముగ్గు వేసేది, బియ్యం చెరిగేది, ముద్ద కలుపుకుని తినేది. వీధిలో తగువొస్తే ఆ చెయ్యే ఊపుతూ ముందుకు వెళ్లేది. "మూడు వేల్లు గానుగకి కట్నం ఇచ్చీసేను, మిగిలింది మీకు సాలు!" అనేది. అవతలివాళ్లకి నవ్వొచ్చి తగువు ఆగిపోయేది. ఇప్పుడు మా ఊళ్లో గానుగలే లేవు. నాన్న పోయాక చెరకు తీసేసి తమ్ముడు జీడిమామిడి వేశాడు.

కార్తీకంలో అమ్మ తమ్ముడింట్లో బావి గట్టు దగ్గర జారిపడింది. ఎడమ మణికట్టు విరిగింది. కట్టు వేశారు. ఆసుపత్రి దగ్గరవుతుందని నర్సీపట్నం మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇంక పనంతా ఆ రెండు వేళ్ల మీదే పడింది. డెబ్భై అయిదేళ్ల మనిషి. వారం తిరక్కుండానే కుడిచెయ్యి వాచిపోయింది. డాక్టరుగారు చూసి, "రోజూ గోరువెచ్చని నూనెతో మర్దన చెయ్యండి. లేకపోతే ఈ చెయ్యీ బిగుసుకుపోతుంది, అప్పుడు ఆవిడకి ఏ చెయ్యీ ఉండదు" అన్నారు. నావైపు చూసి, "మీరు గాజులు తొడుగుతారు కదా, మీకు చెప్పాలా" అన్నారు నవ్వుతూ. నేనూ నవ్వాను.

పిల్లలు వేరే ఊళ్లలో ఉన్నారు, ఇంట్లో ఉన్నది మేం ముగ్గురమే. అల్లుడు అత్తగారి చెయ్యి పట్టుకుని నూనె రాయడమా? మా ఆయన గదిలోకి వస్తేనే అమ్మ లేచి నిలబడి తలుపు చాటుకి వెళ్తుంది, ఇప్పటికీ. ఆ మాట ఎత్తితే చేతికి కట్టుతోనే ఊరికి బయల్దేరిపోతుంది. ఇంక నేనే.

మొదటి రోజు నూనె గిన్నె పట్టుకుని దగ్గరికి వెళ్లాను. ఫోను మోగింది. మోగకపోతే ఏం చేసేదాన్నో తెలియదు. షాపు పని ఉందని వెళ్లిపోయాను. రెండో రోజు గుడ్డముక్క నూనెలో ముంచి, ఆ గుడ్డతో రుద్దాను, కిటికీ బయటికి చూస్తూ.

"సెయ్యి రుద్దుతున్నావేటే, గిన్నె తోముతున్నావేటే?" అంది అమ్మ.

"చేతులకి నూనె అయితే గాజులు జారిపోతాయమ్మా" అన్నాను. అమ్మ కొంగు సర్దుకుంది.

మూడో రోజు ఆదివారం. షాపు ఆలస్యంగా తెరుస్తాం. వాపు తగ్గకపోగా చిటికెనవేలు వంగడం మానేసింది. అది చూశాక ఏదైతే అది అయిందనుకున్నాను. వెనక వరండాలో ఎండ పడే చోట పీట వేసి అమ్మని కూర్చోబెట్టి, ఎదురుగా చతికిలబడ్డాను. నూనె అరచేతిలో పోసుకుని, కళ్లు మూసుకుని, అమ్మ చెయ్యి పట్టుకున్నాను.

వేళ్లు లేనిచోట చర్మం ఎంత మెత్తగా ఉందో! అలా ఉంటుందని అనుకోలేదు. రెండు నిమిషాలు బాగానే రాశాను. ఇంతే కదా, దీనికోసమా ఇంత అనుకుంటుండగానే నా వేళ్లు బిగుసుకున్నాయి. ఇంజనూ లేదు, వాసనా లేదు, అయినా బిగుసుకున్నాయి. అమ్మ "అబ్బా!" అంది. వదలబోయాను, వదలడం నా వల్ల కాలేదు. ఎడమచేత్తో నా వేళ్లు నేనే ఒక్కొక్కటీ లాక్కున్నాను. నూనె గిన్నె దొర్లిపోయింది.

అమ్మ తన చెయ్యి చూసుకోలేదు. నా చెయ్యి చూస్తోంది.

"ఏటైందే నీ సేతికి?"

"ఏమీ లేదు."

"ఏటీ నేకపోతే అలాగెందుకు ముడుసుకుపోయింది? ఎప్పుణ్ణుంచి?"

"అప్పట్నుంచే."

"అప్పుడంటే?"

ఇంక దాచడం నా వల్ల కాలేదు. "అమ్మా, ఆవేళ బెల్టు నేను తొయ్యలేదు" అన్నాను. "నువ్వు రెండుసార్లు చెప్పావు. నేను కర్ర పట్టుకుని నిలబడ్డాను. తొయ్యలేదు. అదే జారింది. నేను తోసుంటే నీకు వేళ్లు ఉండేవి."

గోడ మీద పక్కింటివాళ్ల పిల్లి నడిచిపోయింది. అమ్మ అది వెళ్లేదాకా చూసింది.

"తెల్సు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వు తొయ్యనేదని. నీ మొకమే కదే సూస్తన్నాను. బెల్టు దానంతటదే జారింది."

నాకు కోపం వచ్చింది. ఎక్కడలేని కోపం. "తెలిసి మరి అందరికీ నేనే తోశానని ఎందుకు చెప్పావే?" అని అరిచాను. మా ఆయన గుమ్మంలోకి తొంగిచూసి, నా ముఖం చూసి, వచ్చిన దారినే వెళ్లిపోయారు.

"మరేటి సెప్పమంటావు?" అంది అమ్మ, నాకంటే గట్టిగా. "పదేల్ల గుంటవి. తల్లి సెయ్యి నలిగిపోతంటే కర్రట్టుకుని సూస్తా నిలబడిందని సెప్పమంటావా? మనూరోల్ల నోల్లు నీకు తెలీవేటి? నువ్వు సచ్చేదాకా అనేవోల్లు. ముందు మీ నాన్నే అనేవోడు. సెయ్యి ఎలాగా పోయింది. పిల్లని కూడా పోగొట్టుకుంటానా?"

"నాకైనా చెప్పొచ్చు కదా. ఒక్కసారి, ఎవరూ లేనప్పుడు!"

"నువ్వు మరిసిపోయేవనుకున్నాను. అందరూ అంటంటే నువ్వూ నమ్మీసేవేమో, ఎందుకు కెలకడం అనుకున్నాను. నువ్వడగనేదు, నాను సెప్పనేదు." దొర్లిన నూనె గిన్నెని కాలితో ఇవతలికి లాగి, "దడిసిపోయేవే. అంత గుంటకి ఆ కర్ర ఇచ్చి నిలబెట్టడం మాది తప్పు. నీదేటి?" అంది.

నేను ఏడిచాను. యాభై మూడేళ్ల మనిషిని, వరండాలో నూనె మరకల మధ్య కూర్చుని, చిన్నపిల్లలా వెక్కివెక్కి ఏడిచాను. అమ్మ ఓదార్చలేదు. ఏదో ఆలోచిస్తున్నట్టు నన్నే చూస్తూ కూర్చుంది.

"అయితే నువ్వు నా సెయ్యి ముట్టకపోడానికి అదేనేటే కారనం?"

తలూపాను. అమ్మకి తెలుసని కూడా నాకు తెలియదు. ఎడమవైపు నడవడం, దణ్ణం పెట్టి గబుక్కున లేవడం, అన్నీ గమనించిందన్నమాట.

"అంతేనా? ఇంకేటీ నేదా?"

"ఇంకేముంటుందమ్మా?"

అమ్మ ముఖం పక్కకి తిప్పుకుంది. "అసయ్యం అనుకున్నానే నాను" అంది.

"ఏంటి?"

"నీకు నా సెయ్యంటే అసయ్యం అనుకున్నాను. సిన్నప్పుణ్ణుంచీ ముట్టవు కదా. తరవాత గాజుల కొట్టులోకి ఎల్లేవు. రోజూ మంచి మంచి సేతులు పట్టుకుంటావు, ఈ మోడు సెయ్యి సూడబుద్ది కాదేమో అనుకున్నాను. అందుకే నువ్వొస్తే కొంగు కింద ఎట్టీసేదాన్ని."

అప్పుడు నాకు ఒక్కొక్కటీ కళ్లముందుకు వచ్చింది. లోకమంతటి ముందూ ఊపుకుంటూ తిరిగిన ఆ చెయ్యి, నేను వెళ్లిన ప్రతిసారీ కొంగు కిందే ఉండేది. చలికనుకున్నాను, అలవాటనుకున్నాను. ఒక్కోసారి, కనపడనందుకు హమ్మయ్య అని కూడా అనుకున్నాను. నా అప్పగింతలప్పుడు అమ్మ నన్ను ఎడమచేత్తోనే దగ్గరికి తీసుకుంది. కుడిచెయ్యి వీపు వెనక పెట్టుకుంది. నా పిల్లలు పుట్టినప్పుడు కూడా, నేను గదిలో ఉన్నంతసేపూ వాళ్లని ఎడమచేత్తోనే ఎత్తుకుంది. నలభై మూడేళ్లు. నా నోట్లోంచి ఆ నిజం రాకుండా చూసుకున్నాననుకున్నాను గాని, నా చెయ్యి మా అమ్మకి రోజూ ఏం చెబుతోందో ఎన్నడూ ఆలోచించలేదు.

"అసహ్యం కాదమ్మా" అన్నాను. ఇంకా ఏదో అనాలనుంది. "అసహ్యం కాదే అమ్మా" అని మళ్లీ అదే అన్నాను.

అలవాటుగా కొంగు కిందికి వెళ్లిపోయిన చెయ్యిని అమ్మ బయటికి తీసింది. ఆ చెయ్యి నా ముందుకి చాపింది.

"ఇంద" అంది.

రెండు చేతులతో పట్టుకున్నాను. తలెత్తి చూస్తే అమ్మ ఏడుస్తోంది. గానుగలో చెయ్యి పడిన రోజు కూడా ఏడవని మనిషి.